డేగ గూటికి ఎలా తిరిగొస్తుంది? హెలికాప్టర్ కింద నుంచి భూమి ఎందుకు జారిపోదు?

ప్రశ్న ఇదీ: "భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది. హైదరాబాద్ దగ్గర ఆ వేగం గంటకు 1,600 కిలోమీటర్లట. మరి బేగంపేటలో ఒక హెలికాప్టర్ నిట్టనిలువుగా పైకి లేచి, గాల్లో కదలకుండా పది నిమిషాలు నిలబడితే కింద భూమి తూర్పుకి జరిగిపోయి షోలాపూర్ రావాలి కదా? ఎందుకు రాదు? 'అంతా సాపేక్షం' అని ఒక్క మాటలో తేల్చేయకండి. ఐన్‌స్టీన్ చెప్పింది కూడా ఇదేనా?"

ముందు మీ లెక్కకి మార్కులు వేసేస్తాను. ఈ ప్రశ్న అడిగే వాళ్ళలో ఎక్కువమంది "అమెరికా రావాలి కదా" అని రాస్తారు. మీరు మ్యాప్ చూసి రాశారు. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. అక్కడ నేల సెకనుకు 444 మీటర్ల చొప్పున తూర్పుకి పోతోంది. పది నిమిషాలకి 266 కిలోమీటర్లు. షోలాపూర్ దాదాపు నేరుగా పడమర దిక్కునే, గీత గీసినట్టు కొలిస్తే ఇంచుమించు అంత దూరంలోనే ఉంది. లెక్కలో తప్పేమీ లేదు. తప్పంతా "కదలకుండా" అన్న మాటలో ఉంది.

హెలికాప్టర్ పైకి లేవకముందు ఎక్కడుంది? హెలిప్యాడ్ మీద. హెలిప్యాడ్ అప్పటికే సెకనుకు 444 మీటర్లతో తూర్పుకి పోతోంది. దాని మీద కూర్చున్న హెలికాప్టరూ, అందులో పైలటూ, పైలట్ జేబులో పెన్నూ అన్నీ అదే వేగంతో పోతున్నాయి. పైకి లేచేటప్పుడు ఆ వేగాన్ని ఎవరూ లాగేసుకోలేదు. ఆపే బలం లేకపోతే వేగం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి గాల్లో "ఆగిన" హెలికాప్టర్ కూడా కింద నేలతో పాటు తూర్పుకి పరిగెడుతూనే ఉంది. ఇద్దరూ సమానంగా పరిగెడుతున్నారు కాబట్టి మధ్య దూరం మారడం లేదు.

చిన్న జవాబు అంతే. కానీ మీరు ఒక్క మాటలో వదిలేయొద్దన్నారు. ఇంటర్ పిల్లలకి ఈ పాఠం 26 ఏళ్లుగా చెబుతున్నాను, నాకూ వదిలేయాలని లేదు.

మీ ప్రశ్న ఇప్పటిది కాదు, దాదాపు 1,500 ఏళ్ల నాటిది. క్రీ.శ. 499 ప్రాంతంలో ఆర్యభటుడు భూమే తన చుట్టూ తాను తిరుగుతోందని రాశాడు. దానికి ఆయన ఇచ్చిన పోలిక పడవ. పడవలో ముందుకి పోయేవాడికి ఒడ్డున కదలకుండా ఉన్న చెట్లు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి, కదలని నక్షత్రాలు పడమరకి పోతున్నట్టు కనిపించడమూ అలాంటిదే అన్నాడు. ఆ తర్వాతి శతాబ్దంలో వరాహమిహిరుడు దాన్ని ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం ఏమిటో తెలుసా? భూమే తిరుగుతుంటే ఆకాశంలోకి ఎగిరిన డేగ మళ్ళీ తన గూటికి ఎలా చేరుతుంది అని. డేగ తీసేసి హెలికాప్టర్ పెట్టండి, గూడు తీసేసి బేగంపేట పెట్టండి, అచ్చం మీ ప్రశ్నే. వరాహమిహిరుడు తక్కువవాడేమీ కాదు. అంత పెద్ద జ్యోతిష్కుడికే వచ్చిన అనుమానం మనకి వస్తే నామోషీ ఏముంది? ఆర్యభటుడు పడవలోంచి ఒడ్డు ఎలా *కనిపిస్తుందో* చెప్పాడు. పడవలో ఎగిరిన వస్తువు పడవతో పాటే *ఎందుకు వస్తుందో* చెప్పే జడత్వ భావన, అంటే ఆపే బలం లేకపోతే వేగం ఉన్నట్టే ఉంటుందన్న మాట, ఇంకా పుట్టలేదు. దానికి మరో 1,100 ఏళ్లు పట్టింది.

1632లో గెలీలియో ఆ ఖాళీ పూరించాడు. ఓడ అడుగున కిటికీలు లేని గదిలో కూర్చోండి, గదిలో కొన్ని సీతాకోకచిలుకలు, ఒక గిన్నెలో చేపలు, పైనుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు కారే సీసా పెట్టుకోండి అన్నాడు. ఓడ ఆగి ఉన్నా, ఊగకుండా ఒకే వేగంతో పోతున్నా, గదిలో ఏ తేడా కనిపించదు. 1640లో ఫ్రాన్స్‌కి చెందిన గసెండీ దీన్ని మార్సే రేవులో చేసి చూపించాడు. వేగంగా పోతున్న ఓడ తెరచాప కొయ్య మీంచి గుండు వదిలితే అది వెనక్కి పడలేదు, కొయ్య మొదట్లోనే పడింది.

మీకు ఓడ దొరక్కపోతే రైలు చాలు. విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నారు, రైలు గంటకు 90 కిలోమీటర్ల మీద నిలకడగా పోతోంది, అంటే సెకనుకు 25 మీటర్లు. చేతిలో పల్లీల పొట్లం ఉంది. ఒక పల్లీని అడుగు ఎత్తుకి ఎగరేసి నోటితో పట్టుకోండి. అది పైకెళ్ళి కిందికి రావడానికి అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో రైలు 12 మీటర్లు ముందుకి పోయింది, అంటే సగం బోగీ. మీ హెలికాప్టర్ లెక్క నిజమైతే ఆ పల్లీ మీ నోట్లో పడకూడదు, ఆరు వరసల వెనక నిద్రపోతున్న పెద్దాయన ముఖం మీద పడాలి. పడదు. మీ నోట్లోనే పడుతుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీలోంచి చూసినవాడికి మాత్రం అదే పల్లీ 12 మీటర్ల పొడవున, అడుగు ఎత్తున ఒక పలచటి విల్లులా కనిపిస్తుంది. మీరు "నిలువుగా లేచి నిలువుగా పడింది" అంటారు. అతను "వంపు తిరిగి పోయింది" అంటాడు. కోర్టుకి వెళ్ళినా ఇద్దరూ నెగ్గుతారు.

ఇక్కడే ఒక మాట. రైల్లోంచి ఖాళీ సీసాలు బయటికి విసరకండి. "విసరలేదు సార్, ఊరికే వదిలాను" అంటారు. మీ చేతికి సంబంధించినంతవరకు ఊరికే వదిలారు. పట్టాల పక్కన పలుగు పట్టుకుని నిలబడ్డ గ్యాంగ్‌మన్‌కి సంబంధించినంతవరకు అది గంటకు 90 కిలోమీటర్ల మీద వస్తోంది.

మీ ప్రశ్నకి జవాబుగా చాలామంది చెప్పే ఇంకో మాట ఉంది: "భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది కాబట్టి గాలే హెలికాప్టర్‌ని లాక్కుపోతుంది." ఇది సగం నిజం. గాలి లేని చంద్రుడి మీద నిలబడి రాయి పైకి విసిరినా అది మీ చేతిలోకే వస్తుంది, కాబట్టి అసలు కారణం గాలి కాదు, జడత్వం. అయితే హెలికాప్టర్ చాలాసేపు గాల్లో ఉంటుంది, అందుకే గాలి లెక్కలోకి వస్తుంది. ఎదురుగాలి గంటకు 30 కిలోమీటర్లుంటే, ఒకే చోట నిలబడాలనుకున్న పైలట్ గాల్లో గంటకు 30 కిలోమీటర్ల మీద ముందుకి ఎగురుతున్నట్టే లెక్క. కింద ఏదో ఒక గుర్తు, ఒక చెట్టో కారో చూసుకుంటూ సరిచేసుకుంటాడు. వేడిగాలి బెలూన్‌కి ఆ వీలు లేదు, గాలి ఎటు పోతే అటే. అందుకే బెలూన్ బుట్టలో కట్టిన జెండా వేలాడుతూ ఉంటుంది, రెపరెపలాడదు. బెలూన్ మీద కూర్చున్నవాడికి గాలి లేదు!

మా క్లాసులో నేను మొదటి రోజే ఒక నిబంధన పెడతాను. "బస్సు వేగం 60" అని ఎవరైనా అంటే "ఎవరికి?" అని మిగతావాళ్ళు అరవాలి. మొదట్లో సరదాగా ఉంటుంది, వారానికి విసుగొస్తుంది, నెలకి అలవాటైపోతుంది. వేగం అనేది ఒక్కరి సొత్తు కాదు, ఎప్పుడూ ఇద్దరి మధ్య ఉంటుంది. చుట్టరికం లాంటిది. "ఆయన మామయ్య" అంటే ఎవరికి మామయ్య? మా అమ్మకి తమ్ముడు, మా అమ్మమ్మకి కొడుకు, మా పిల్లలకి తాతయ్య. మనిషి ఒక్కడే. మీ హెలికాప్టర్ వేగం హెలిప్యాడ్‌తో పోలిస్తే సున్నా, భూమి అక్షంతో పోలిస్తే సెకనుకు 444 మీటర్లు, సూర్యుడితో పోలిస్తే సెకనుకు 30 కిలోమీటర్ల దరిదాపు. మూడూ నిజమే. పుస్తకాల్లో నిర్దేశ చట్రం అని పెద్ద మాట రాస్తారు గానీ, దాని అర్థం "ఎక్కడ కూర్చుని కొలుస్తున్నావు" అనే. "హెలికాప్టర్ ఆగింది" అన్నప్పుడు మీరు హెలిప్యాడ్ మీద కూర్చుని కొలిచారు. "భూమి జరిగిపోతుంది" అన్నప్పుడు లేచి వెళ్ళి అంతరిక్షంలో కూర్చున్నారు. ఒకే వాక్యంలో రెండు కుర్చీలు. పరీక్షల్లో సాపేక్ష వేగం లెక్కలు తప్పే పిల్లల్లో ఎక్కువమంది చేసేది ఇదే.

కుర్చీ సరిగ్గా ఎంచుకుంటే లెక్క ఎంత తేలికవుతుందో ఒకటి చూపిస్తాను. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం పంటు (జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కినవాళ్ళకి గోదారి ప్రవాహం ఎలా లాగుతుందో తెలుసు. ఆ గోదారిలోనే ఒక ఇంజను పడవ ఎదురు ప్రవాహంలో పోతోంది అనుకోండి. పడవలోంచి ఒక కొబ్బరిబోండం నీళ్ళలో పడింది. ఎవరూ చూడలేదు. పది నిమిషాల తర్వాత సరంగు చూసుకుని పడవ వెనక్కి తిప్పాడు, ఇంజను వేగం మార్చలేదు. బోండాన్ని అందుకునేసరికి అది పడ్డ చోటుకి కిలోమీటరు దిగువన ఉంది. ప్రవాహం వేగం ఎంత?

ఒడ్డున కూర్చుని చేస్తే: పడవ వేగం ఒక అక్షరం, ప్రవాహం ఇంకో అక్షరం, ఎదురు పోయేటప్పుడు తీసివేత, వెనక్కి వచ్చేటప్పుడు కూడిక, తిరిగొచ్చిన సమయం మూడో అక్షరం. ఒకటిన్నర పేజీ. చివరికి సగం అక్షరాలు కొట్టుకుపోతాయి, పిల్లలు ఆశ్చర్యపోతారు. ఒక ఏడాది మా క్లాసులో ఒక లంక గ్రామం కుర్రాడు ఉండేవాడు. లెక్క బోర్డు మీద రాసి నేను ఇటు తిరిగేలోపు జవాబు చెప్పేశాడు: "గంటకి మూడు కిలోమీటర్లు సార్." ఎలా? "బోండం నీళ్ళలోనే ఉంది కద్సార్, నీళ్ళతో పాటే పోతంది. పడవ దాన్నొదిలి పది నిమిషాలు పోయింది, మళ్ళీ దానికాడికి రావడానికీ పది నిమిషాలే. ఇరవై నిమిషాల్లో బోండం కిలోమీటరు పోయింది." అంతే. అతను ఒడ్డు మీంచి లేచి నీళ్ళలో కూర్చున్నాడు. నీళ్ళలో కూర్చున్నవాడికి బోండం కదలదు, పడవ పోయే వేగమూ వచ్చే వేగమూ ఒకటే. ఏ పుస్తకంలోనూ చదవకుండానే చట్రం మార్చాడు. ఆ రోజు నుంచి ఆ లెక్క వాడి పద్ధతిలోనే చెబుతున్నాను.

నది దాటే లెక్కకీ ఇదే తాళం. నది వెడల్పు 600 మీటర్లు, నీళ్ళలో పడవ వేగం సెకనుకు 2 మీటర్లు, ప్రవాహం 1.2 అనుకోండి. ముక్కు అవతలి ఒడ్డుకి నేరుగా పెట్టి పోతే 300 సెకన్లలో దాటేస్తారు, కానీ 360 మీటర్లు దిగువకి కొట్టుకుపోతారు. ఎదురుగా ఉన్న రేవుకే చేరాలంటే ముక్కు ఎగువకి తిప్పాలి. అప్పుడు 2 లో 1.2 భాగం ప్రవాహంతో కుస్తీకే పోతుంది, అడ్డంగా మిగిలేది, లంబకోణ త్రిభుజం లెక్కన, 1.6, సమయం 375 సెకన్లు. తొందరగా దాటడం, సూటిగా దాటడం రెండూ వేరు వేరు. సరంగులు చేసేది రెండోది. వానలో గొడుగు ముందుకి వంచి నడిచే లెక్క కూడా ఇదే, దాని మీద సమయం పెట్టను.

ఇప్పటిదాకా నేను ఒక మెలిక దాచాను. "ఊగకుండా, ఒకే వేగంతో, తిన్నగా" పోతున్న రైలూ ఓడా అని జాగ్రత్తగా రాస్తూ వచ్చాను. గెలీలియో గది మూసి ఉంటే కదలిక పట్టలేకపోవడం ఆ షరతు మీదే. రైలు బ్రేకు వేస్తే? తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగితే? కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. వేగం తెలియదు గానీ వేగంలో మార్పు తెలుస్తుంది. దిశ మారినా అది మార్పే.

ఒకసారి నాంపల్లి నుమాయిష్ నుంచి ఇంటికొస్తూ మా అమ్మాయికి గ్యాస్ బెలూన్ కొన్నాను. కారు అద్దాలన్నీ వేసి ఉన్నాయి, బెలూన్ వెనక సీట్లో దారానికి తేలుతోంది. సిగ్నల్ దగ్గర గట్టిగా బ్రేకు వేశాను. మేమందరం ముందుకి తూలాం. బెలూన్ మాత్రం వెనక్కి వంగింది. పిల్ల భయపడింది, నేను ఇంటికెళ్ళాక కూడా నవ్వుతూనే ఉన్నాను. కారులో కూర్చుని చూస్తే, బ్రేకు వేసినప్పుడు ప్రతి వస్తువు మీదా ముందుకి లాగే ఒక బలం పుట్టినట్టు ఉంటుంది. దీన్నే మిథ్యాబలం అంటారు. అది గాలినీ ముందుకి తోస్తుంది, ముందు అద్దం దగ్గర గాలి కాస్త చిక్కబడుతుంది. గాలి కన్నా తేలికైన బెలూన్ చిక్కటి వైపు నుంచి పలచటి వైపుకి, అంటే వెనక్కి పోతుంది. మామూలు రోజుల్లో అది పైకి లేవడానికి కారణమూ ఇదే సూత్రం, కాకపోతే అక్కడ లాగేది భూమి. మీరూ చేసి చూడండి, డ్రైవింగ్ ఇంకొకరికి ఇచ్చి.

మిథ్యాబలం దగ్గర పిల్లలు ఒకే తప్పు పదే పదే చేస్తారు. మలుపులో బస్సు మీద లోపలికి అభికేంద్ర బలం, బయటికి అపకేంద్ర బలం రెండు బాణాలూ గీసి, "రెండూ సమానం, మొత్తం సున్నా" అని రాస్తారు. మొత్తం సున్నా అయితే బస్సు తిన్నగా లోయలోకి పోవాలి కదా నాయనా! రోడ్డు మీద నిలబడి చూస్తే లోపలికి లాగే బలం ఒక్కటే ఉంది, దాని వల్లే బస్సు తిరుగుతోంది. బస్సులో కూర్చుని చూస్తే మీరు కదలడం లేదు, అప్పుడు మాత్రమే బయటికి లాగే బలాన్ని కలుపుకోవాలి. మళ్ళీ అదే సంగతి, ఏదో ఒక కుర్చీలో కూర్చోండి.

మరి భూమి? అది తిన్నగా పోవడం లేదు, తిరుగుతోంది. అంటే భూమి కూడా ఘాట్ రోడ్డులో బస్సే, కాకపోతే చాలా నెమ్మదిగా మలుపు తిరిగే బస్సు. 24 గంటలకి ఒక్క చుట్టు. అందుకే "ఆగిన హెలికాప్టర్ సరిగ్గా అక్కడే ఉంటుంది" అన్న నా జవాబులో వెంట్రుకవాసి తేడా ఉంది. చార్మినార్ మీద 50 మీటర్ల ఎత్తు నుంచి గాలి లేనప్పుడు ఒక గోలీ వదిలారనుకోండి. అది సరిగ్గా కిందికి పడదు. సుమారు 7 మిల్లీమీటర్లు తూర్పుకి జరిగి పడుతుంది. పడమరకి కాదు, తూర్పుకి! పై అంతస్తు భూమి అక్షానికి ఇంకాస్త దూరంలో ఉంది కాబట్టి నేల కన్నా కొంచెం ఎక్కువ వేగంతో తూర్పుకి పోతోంది. ఆ మిగులు వేగాన్ని గోలీ వెంట తెచ్చుకుంటుంది. 1831లో జర్మనీలోని ఫ్రైబర్గ్ గనిలో దాదాపు 158 మీటర్ల లోతుకి గుండ్లు వదిలి కొలిస్తే తూర్పుకి 28 మిల్లీమీటర్ల దాకా తేడా వచ్చింది. లెక్క చెప్పేదీ అంతే. వరాహమిహిరుడు అడిగిన తేడా నిజంగానే ఉంది, కాకపోతే అది మిల్లీమీటర్లలో ఉంది, ఆయన అనుకున్న దిక్కుకి ఎదురుగా ఉంది.

కిటికీ తెరవకుండా భూమి తిరుగుతోందని చూపించే ఇంకో పద్ధతి ఫూకో లోలకం, 1851 పారిస్. పొడవాటి తీగకి బరువైన గుండు కట్టి ఊపితే, కింద భూమి తిరుగుతున్న కొద్దీ అది ఊగే దిశ మెల్లగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనంలోనూ ఒకటి వేలాడదీశారు. అక్కడ దాని ఊగే దిశ పూర్తి చుట్టు తిరగడానికి దాదాపు 50 గంటలు పడుతుంది. అదే హైదరాబాద్‌లో పెడితే 80 గంటలు పడుతుంది. భూమధ్యరేఖ మీద పెడితే అసలు తిరగదు.

మిల్లీమీటర్ల సంగతి కదా అని తీసిపారేయకండి. గోలీ పడేది మూడు సెకన్లు. అదే గాలి రెండు రోజులపాటు వందల కిలోమీటర్లు ప్రయాణిస్తే? బంగాళాఖాతంలో అల్పపీడనం వైపు నలువైపుల నుంచీ గాలి పరిగెత్తుతుంది. భూమి మీద కూర్చుని చూసే మనకి, ఉత్తరార్ధగోళంలో ఆ గాలి తన కుడివైపుకి ఒరుగుతున్నట్టు కనిపిస్తుంది. నలువైపుల నుంచీ వచ్చేది కుడికి తప్పుకుంటే మధ్యలో అపసవ్యంగా సుడి కడుతుంది. తుపాను అంటే అదే. ఇక్కడికి వచ్చేసరికి సాపేక్ష వేగం ప్రాణాల మీద లెక్క అవుతుంది. తుపాను కేంద్రంలో కూర్చుని చూస్తే చుట్టూ గాలి గంటకు 150 కిలోమీటర్లు అనుకోండి. ఆ కేంద్రం కూడా గంటకు 20 కిలోమీటర్లతో పడమరగా మన తీరం వైపు వస్తోంది. కేంద్రానికి ఉత్తరాన సుడిగాలి కూడా పడమరకే వీస్తుంది, అంటే తీరం మీద ఉన్నవాడికి సుమారు 170. దక్షిణాన గాలి తూర్పుకి, అంటే సముద్రంలోకి వీస్తుంది, అక్కడ 130. అసలు తుపాను ఇంత బుద్ధిగా ఉండదు గానీ కూడికా తీసివేతా ఇవే. కుడివైపు గాలి బలమూ ఎక్కువే, పైగా అది సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. 1977 నవంబరులో తుపాను చీరాల వైపు తీరం దాటింది. ఉప్పెన ఊళ్ళను ఊడ్చేసింది మాత్రం దానికి కుడివైపున్న దివిసీమలో. "తీరం ఎక్కడ దాటుతుంది" అని టీవీలో చెప్పే చోటు కన్నా దానికి కుడివైపు ఊళ్ళు ఎక్కువ భయపడాలి అనేది అందుకే.

భూమి ఇచ్చే ఆ తూర్పు వేగాన్ని హెలికాప్టర్ వాడుకోలేదు గానీ శ్రీహరికోటలో రోజూ దాని మీదే లెక్కలు వేస్తారు. అక్కడ నేల వేగం సెకనుకు 450 మీటర్లు. భూమికి దగ్గరి కక్ష్యలో నిలవాలంటే కావలసింది సెకనుకు 7.8 కిలోమీటర్లు, అదీ నేలతో పోల్చి కాదు, భూమి కేంద్రంతో పోల్చి. తూర్పుకి ప్రయోగిస్తే ఆ 450 చేతిలో పెట్టినట్టే, రాకెట్ మిగతాది సంపాదిస్తే చాలు. అదే పడమరకి ప్రయోగిస్తే ముందు ఆ 450 అప్పు తీర్చి, తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టాలి. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలకి ఈ బహుమానం అక్కరకు రాదు. పైగా దక్షిణంగా పోవాలి, దారిలో శ్రీలంక అడ్డం, అందుకే రాకెట్ ముందు పక్కకి పోయి తర్వాత వంకర తిరుగుతుంది. ఆ వంకర తప్పించుకోవడానికే తమిళనాడు కులశేఖరపట్నంలో ఇంకో ప్రయోగకేంద్రం కడుతున్నారు.

మీరు కోరుకున్న "కదలకుండా గాల్లో నిలబడ్డ" వస్తువు కూడా ఒకటుంది. మేడ మీద డిష్ యాంటెన్నా బిగించే అబ్బాయి దాన్ని ఒక దిక్కుకి తిప్పి, బోల్టు బిగించి వెళ్ళిపోతాడు. ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ కదపరు. అది చూస్తున్న ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు 3 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పరిగెడుతోంది. డిష్‌కి మాత్రం అది మేకు కొట్టినట్టు ఆగి ఉంది.

ఐన్‌స్టీన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇప్పటిదాకా నేను చెప్పినదంతా గెలీలియో, న్యూటన్ సాపేక్షత. 1905లో ఐన్‌స్టీన్ చేసింది, గెలీలియో గది నియమాన్ని కాంతికి కూడా వర్తింపజేయడం. కాంతి వేగం ఏ కుర్చీలోంచి కొలిచినా ఒకటే రావాలంటే, వేగాలను నేరుగా కూడే మన పద్ధతి కొద్దిగా తప్పాలి. ఎంత కొద్దిగా? 25 మీటర్ల వేగంతో పోయే రైల్లో మీరు ముందుకి సెకనుకు ఒక మీటరు నడిస్తే, 26 అన్న మీ కూడికలో వచ్చే తప్పు పాలు రాయాలంటే దశాంశ బిందువు తర్వాత పదిహేను సున్నాలు పెట్టాక గానీ మొదటి అంకె రాదు. పంటు ఎక్కేవాళ్ళు దాని గురించి టెన్షన్ పడనక్కర్లేదు.

ఇక మీ హెలికాప్టర్‌ని నిజంగా ఆపాలంటే? అంటే భూమి అక్షంతో పోలిస్తే ఆపి, కింద షోలాపూర్ తెప్పించాలంటే? అది పడమరకి గంటకు 1,600 కిలోమీటర్లతో ఎగరాలి. నేల దగ్గర ధ్వని వేగమే గంటకు 1,230 కిలోమీటర్ల పైన. ఏ హెలికాప్టర్ వల్లా కాదు. ధ్వనిని మించిన వేగంతో పోయే పాత ప్రయాణికుల విమానం కాంకార్డ్ వల్ల అయ్యేది. లండన్‌లో సూర్యాస్తమయం తర్వాత బయల్దేరితే అట్లాంటిక్ మీద ప్రయాణికులకి సూర్యుడు పడమటి నుంచి మళ్ళీ పైకి లేచేవాడు.

అదే కాంకార్డ్‌తో 1973 జూన్ 30న ఇంకో పని చేశారు. ఆ రోజు ఆఫ్రికా మీద సంపూర్ణ సూర్యగ్రహణం. నేల మీద నిలబడ్డవాళ్ళకి ఎక్కువలో ఎక్కువ ఏడు నిమిషాల చీకటి. శాస్త్రవేత్తలు కాంకార్డ్ ఎక్కి, కానరీ దీవుల నుంచి చాద్ దాకా చంద్రుడి నీడ వెంటపడి, 74 నిమిషాలపాటు ఆ చీకట్లోనే ఉన్నారు. గమనించండి, వాళ్ళు ఎగిరింది పడమరకి కాదు, తూర్పుకి. చంద్రుడి నీడ తూర్పుకి గంటకు సుమారు 3,400 కిలోమీటర్లతో పోతుంది. ధ్వనికి రెండు రెట్లు పోయే విమానం కూడా దాన్ని అందుకోలేదు. కానీ కింద సహారా ఎడారి కూడా అదే దిక్కుకి 1,600తో పోతోంది, దాని మీంచి లేచిన విమానానికి ఆ 1,600 పుట్టుకతో వచ్చింది. మిగిలిన 1,800 దాటడం కాంకార్డ్ ఇంజన్లకి పెద్ద పని కాదు. బేగంపేటలో మీ హెలికాప్టర్‌ని షోలాపూర్‌కి పోనివ్వకుండా పట్టుకున్న వేగం ఏదో, వాళ్ళకి ఆ నీడను అందించింది అదే.